ఇరవై నాలుగు కాలేయాలు

పక్షపాతం ఎప్పుడూ పక్కవాడి కళ్లలోనే ఉంటుంది కదా, అనుకున్నాడు అతను మైక్రోస్కోపు మీంచి తలెత్తి. ప్రొఫెసర్‌గారికైతే గోడమీది చెమ్మ మరకలో కూడా తన సిద్ధాంతమే కనిపిస్తుంది.

సిద్ధాంతం చిన్నదే. కణాలకు కబుర్లు మోసే ఎంజైమ్ ఒకటుంది. అది లేకపోతే, తల్లి కడుపులోని ఎలుక పిండంలో కాలేయం ఎదగదు. పిండానికి పన్నెండో రోజుకే ఆ సంగతి తేలిపోతుంది. ఇతని డాక్టరేటుకి ఆరో ఏడు నడుస్తున్నా తేలలేదు.

ఇవాళ తేలాలి. ఇరవై నాలుగు స్లైడ్లు. వాటిమీద అంకెలు తప్ప ఇంకేమీ లేవు. ఏ పిండానికి ఎంజైమ్ ఉందో, దేనికి లేదో రాసిన జాబితాని స్లైడ్లు తయారుచేసే అక్క కవర్లో పెట్టి, అతికించి, వారం కిందటే ఈ గదిలోని అరలో ఉంచింది. చూసేవాడికి ముందే తెలియకూడదని నియమం. అతను కాలేయాలు చూసి ‘ఎదిగింది’, ‘ఎదగలేదు’ అని రాయాలి. ఆ రాతా ఈ జాబితా కలిస్తే డాక్టరేటు. కలవకపోతే ఆరేళ్లూ బూడిదలో పోసిన పన్నీరు.

“అయిందా నాయనా?” ప్రొఫెసర్ అక్కని వెంటబెట్టుకుని వచ్చారు.

“అయింది సార్. కొన్ని మసగ్గా ఉన్నాయి గానీ, కన్ను అలవాటుపడితే కాలేయమే చెబుతుంది.”

“పదిహేనేళ్లుగా కోస్తున్నా, నాతో ఒక్క ముక్కా చెప్పలేదు,” అంది అక్క చంకలోని సంచి సర్దుకుంటూ. అరలోంచి కవరు తీసి తిప్పి చూసింది. “అంచు ముడతలు పడిందేం తమ్ముడూ?”

“పక్కనే కెటిల్ ఉంది కదక్కా. ఆవిరి తగిలుంటుంది.”

“టీ మానేశానన్నావుగా?”

“వేణ్నీళ్లు. గొంతు బాలేదు.”

“అయ్యో పాపం.”

ప్రొఫెసర్ కవరు చించారు. “ఒకటి?”

“ఎదగలేదు సార్.”

“రెండు?”

“ఎదిగింది.”

ఇరవై నాలుగుకి ఇరవై నాలుగూ కలిశాయి. ప్రొఫెసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “నీది మామూలు కన్ను కాదయ్యా, గద్ద కన్ను.”

ఒకటి రెండు తప్పు పోయుంటే బాగుండేదేమో అనిపించింది అతనికి. ఏం చేస్తాం, వినయం ఎప్పుడూ అతని ఒంటికి పడలేదు.

అక్క సంచి విప్పింది. ఇంకో కవరు తీసి బల్లమీద పెట్టింది.

“అసలు జాబితా ఇది సార్, అది నేను కళ్లు మూసుకుని రాసింది.”