సారక్క నోరు

"సారక్కకు తిండి పెట్టిన్రా మేడం?" భవాని వస్తూనే అడిగింది.

"నిన్న సాయంత్రమే పెట్టినం." డాక్టర్ నాగలత చేతులు కడుక్కుంటోంది.

"చల్లగ పెట్టలే గదా?"

"వెచ్చగనే. నువ్వు నేర్పాలా నాకు?"

ఖమ్మంలోని ఆ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో భవాని అటెండర్. రెండేళ్లుగా టేకులపల్లి నుంచి తొలి బస్సుకు వస్తుంది. రాగానే తల్లి ఉన్న గది దగ్గర నిలబడుతుంది. తలుపు తీయనివ్వరు. చల్లగాలి తగిలితే తట్టుకోదంటారు. కానీ నంబరుతో కాదు, పేరుతో పిలుస్తారు. సారక్క తిన్నదా, సారక్క ఎట్లుంది. భవానికి అది చాలు.

సారక్క బొగ్గుబావి కార్మికుడి భార్య. బావి గేటు ముందు మైకు లేకుండా నినాదమిస్తే ఆఫీసు కిటికీలు మూసుకునేవాళ్లు. ఆమె రొమ్ములో గడ్డ కూడా అంత మొండిదే. ఎంత కీమో ఎక్కించినా లొంగలేదు.

"ఆ గడ్డలో ఒక జన్యువుంది," అంది నాగలత. "కీమో రాంగనే బయటికి నెట్టమని చిట్టీలు పంపుతది. ఈ కొత్త మందు ఆ చిట్టీలను దారిలోనే చింపేస్తది. జన్యువు నోరు మూయించుడన్నట్టు."

"మా అమ్మ నోరు మూయించుడా? మేనేజర్లతోనే కాలే!" భవాని నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నొప్పి గిట్ల అయితదా మేడం?"

నాగలత చేతులు తుడుచుకుంది. "నువ్వు వద్దంటే ఆపుత, భవానీ."

భవాని ఆ తలుపు మీద చెయ్యి ఆనించింది.

"మా పక్క తండాల కమ్లికి గూడ గిదే గడ్డ. కీమో పనిచేస్తలేదు. ముగ్గురు పిల్లలు. ఇయ్యిండ్రి. అమ్మనడిగినా గదే అంటది."

ముందు కొత్త మందు. దాని వెనకే కీమో.

మూడు రోజులు భవాని ఇంటికి పోలేదు. తలుపుకు చెవి ఆనించి కూర్చుంది. లోపల ఎవరో గొణుగుతున్నట్టే ఉంది. నాలుగో పొద్దున ఆ గొణుగుడు వినపడలేదు.

నాగలత బయటికొచ్చింది. మాస్కు తీసింది.

"మందు పనిచేసింది, భవానీ."

"మరి అమ్మ?"

సారక్కను టేకులపల్లిలో మట్టిచేసి మూడేళ్లయింది. ఆమె గడ్డలోంచి తీసి ఆ గదిలో గాజు పళ్లేల్లో పెంచుతున్న ఆఖరి కణాలు కూడా ఇవాళ పొద్దున చచ్చిపోయాయి.