ఉత్తుత్తి దాడి

ఫోన్ల మీదా కరెంటు మీదా శత్రువులు దాడి చేస్తే ఏం చెయ్యాలో మూడేళ్లుగా ఊరికో విందు చొప్పున పరిశోధిస్తున్న అరబ్బు దేశాల కూటమి మాది. ఆ రోజు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో, మంత్రిగారి ఎదుట, ఉత్తుత్తి దాడి ఒకటి చేసి చూపించాలి.

యాలకుల కాఫీ రెండో విడత తిరుగుతుండగా అందరి ఫోన్లూ మూగబోయాయి. వెంటనే హాల్లో దీపాలారిపోయాయి.

చప్పట్లు మారుమోగాయి.

"అబ్బ, అచ్చం నిజంలాగే ఉందయ్యా డాక్టర్!" అన్నారు మంత్రిగారు. "ఆసుపత్రుల ఫోన్లు కూడా ఆపేశారా ఏమిటి?"

మా డైరెక్టర్ డాక్టర్ హైథమ్ గుండెమీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. "మొత్తం ఆపేశాం సార్! తమరు మన్సఫ్ తినేలోపు అన్నీ మేమే తిరిగి తెప్పిస్తాం."

మళ్లీ చప్పట్లు.

కింద కంట్రోల్ రూమ్ చూసుకునే సిరీన్ చీకట్లో మెట్లెక్కి పరుగున వచ్చింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆమె రొప్పుతూ ఆయన చెవిలో చెప్పింది నాకూ వినబడింది.

"డాక్టర్‌గారూ, మేమింకా దాడి మొదలుపెట్టనేలేదండీ. మొదలుపెట్టమంటారా అని అడుగుదామంటే మీ ఫోను కలవలేదు."

చప్పట్లింకా ఆగలేదు. హైథమ్ మళ్లీ తల వంచారు.