గేటు కాడి సారు

"ఇదేనా కాలేజి?"

ఆటో దిగుతూనే ముఖం ముడుచుకుంది సుజన.

బాన్సువాడ సర్కారు డిగ్రీ కాలేజి ముందు నిలబడ్డారు తల్లీకూతుళ్ళు. పొద్దున పడ్డ వానకు గ్రౌండంతా చిత్తడిగా ఉంది.

"లోపటికి వోకముందే వంకలు పెడ్తవేందే?" అంది సావిత్రమ్మ.

ఇంటర్ పాసైన నాటి నుంచీ సుజన మనసంతా నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజి మీదనే ఉంది. అద్దాల బిల్డింగు, ఏసీ క్లాసులు, గేటు దగ్గర పూల మొక్కలు. ఆ వీడియో ఫోన్లో ఎన్నిసార్లు చూసిందో లెక్కే లేదు. పిట్లంలో తనతో చదివిన ఆడపిల్లలంతా అక్కడే చేరుతున్నారు.

"గక్కడనే జేరుదువు గని, గిదొక్కసారి చూడు బిడ్డా. దగ్గర్ల ఉంటవని నా ఆశ" అని బతిమాలి తీసుకొచ్చింది తల్లి.

గేటు పక్కన ఆపిన బైకు మీద ఒకతను కూర్చొని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. వీళ్ళను చూడగానే దిగి వచ్చాడు.

"అడ్మిషన్ కోసమా అక్కా?"

"అవు సారూ. పిల్లకు జర కాలేజి చూపెడ్తరా? మాకేం ఎరుక లేదు."

అతను ఏదో చెప్పబోయాడు. అంతలోనే సుజన అందుకుంది.

"చూసుడెందుకు సార్? నేను జేరేది ఈడ గాదు." నిజామాబాద్ కాలేజి పేరు కూడా గొప్పగా చెప్పేసింది.

అతను ఆమె వంక చిత్రంగా చూశాడు.

"ఆ కాలేజి పోయి చూసినవా?"

"లే. ఫోన్ల చూసిన."

"ఫోన్ల అందరం అందంగనే ఉంటం బిడ్డా." అతను నవ్వాడు. "చదువుకునే జాగను కాళ్ళతోని నడిచి చూడాలె. దా."

ముందు లైబ్రరీ చూపించాడు. తర్వాత క్లాసురూములు. బురద లేని దారి అతనికి బాగా తెలిసినట్టుంది.

"బస్సు తప్పితే అడ్డ మీద నిలబడాలె. ఎండకాలం కరెంటు సతాయిస్తది. అవన్నీ ఉంటయ్" అన్నాడు నడుస్తూ. "కని ఈడ ఎవరన్న ఒక మాట అడిగితే, ఇంకొకరు ఆగి జెప్తరు."

"మీ కాలేజిని మీరు మెచ్చుకోకుంటే ఎవరు మెచ్చుకుంటరు సార్?" అంది సుజన.

అతను ల్యాబు తలుపు తోశాడు.

ల్యాబులో ఒకమ్మాయి మైక్రోస్కోపు మీదికి వంగి ఉంది. అలికిడికి తల ఎత్తకుండానే చెయ్యి ఊపింది.

"ఆగుండ్రి, ఆగుండ్రి! కదుల్తుంది!"

"ఏంది కదిలేది?" సుజన దగ్గరికి వెళ్ళింది.

"మా తండా పక్కపొంటి పారే నిజాంసాగర్ కాలువ నీళ్ళు. ఒక్క సుక్క. చూస్తవా?"

ఆ అమ్మాయి పేరు చాంద్రి. లేచి తన కుర్చీ ఇచ్చింది.

సుజన కన్ను ఆనించింది. మొదట వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు. చాంద్రి వెనకనుంచి మెల్లగా మర తిప్పింది. ఆకుపచ్చని దారాలు తేలాయి. వాటి నడుమ అద్దంలాంటి ఒక చిన్న ప్రాణి, జాతరకొచ్చిన పిల్లలాగా గిరగిరా తిరుగుతోంది.

సుజన కన్ను తీయకుండానే అరిచింది.

"మా పొలానికి పారేది గీ నీళ్ళే!"

"అయితే వచ్చేటప్పుడు మీ మడిల నీళ్ళు తే. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దం" అంది చాంద్రి, ఆమె అప్పటికే ఇక్కడ చేరిపోయినట్టు.

తర్వాత సావిత్రమ్మ చూసింది.

"అవ్వో! ఇన్నేండ్ల సంది గీటి నడుమ నిలబడేనా నేను నాట్లేసింది?"

అందరూ నవ్వారు. ఆఖరున అతను కూడా వంగి చూశాడు. తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"నేను చదివినప్పుడు గూడ దీన్ని ఈ కిటికీ కాడనే పెడ్తుండె" అన్నాడు.

వరండాలోకి రాగానే సుజన తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఈడనే జేరుతనే."

అతను వాళ్ళను ఆఫీసులోకి తీసుకెళ్ళాడు. కంప్యూటర్లో అడ్మిషన్ దరఖాస్తు నింపి, అందులో ఈ కాలేజి పేరు మొదట పెట్టించేదాకా పక్కనే నిలబడ్డాడు. "ఇగ ఫికర్ లేదక్కా" అన్నాడు.

బస్సు అందుకోవాలన్న తొందరలో తల్లీకూతుళ్ళు అతని పేరు కూడా అడగలేదు.

క్లాసులు మొదలైన రోజు సావిత్రమ్మ మక్క గారెలు చేసి డబ్బాలో పెట్టింది.

"గా సారుకియ్యి. నేనిచ్చిన్నని చెప్పు."

సుజన స్టాఫ్ రూములో చూసింది. ప్రతి క్లాసులోకీ తొంగి చూసింది. ఎక్కడా లేడు.

చాంద్రిని అడిగింది.

"నాకెట్ల తెలుస్తది? నేను మీ చుట్టమనుకున్న!"

చివరికి అటెండరు వెంకట్రాములు దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, నన్ను జేర్పిచ్చిన సారు ఏడున్నడు? గేటు కాడ బైకు మీద కూసుంటడు చూడు..."

"నర్సింలా?" వెంకట్రాములు ఆమె చేతిలోని డబ్బా వైపు చూశాడు. "సారు గాదు బిడ్డా. ఈడ సదివిండు గని, మన కాలేజిల పనిజెయ్యడు. ఇగ రాడు గూడ. అగో, ఆయన జాగల కొత్తోడొచ్చిండు."

సుజన గేటు వైపు తిరిగింది.

ఎవరో యువకుడు ఒక అమ్మాయినీ వాళ్ళ నాన్ననూ ఆపి ఫోన్లో ఏదో చూపిస్తున్నాడు. వాళ్ళు లోపలికి రాకుండానే అతని వెంట వెనక్కి మళ్ళారు.

"నిజామాబాద్ల గా అద్దాల కాలేజి ఉన్నది చూడు," అన్నాడు వెంకట్రాములు, "మన గేటు కాడికొచ్చిన పిల్లలను గట్ల దానికి మల్లిచ్చుకపోవుడే నర్సింలు నౌకరి ఉండె బిడ్డా, నిన్ను లోపటికి తోల్కొచ్చిన నాడే అది పోయింది."