ఇద్దరికీ ఒకే పరుపు

సోమలింగం సంచిని పరమేశ్ తెచ్చి గడప అవతల పెట్టాడు.

బమ్రోలిలోని ఆ గదిలో, ఊరు విడిచి వలస వచ్చిన మగ్గాల పనివాళ్లకు ఇద్దరికొక పరుపు. పగటి డ్యూటీ వాడు రాత్రి పడుకుంటాడు, రాత్రి డ్యూటీ వాడు పగలు. పరమేశ్, సోమలింగం ఎదురుపడేది ఆ గడప దగ్గరే. పెద్దగా మాటల్లేవు.

డ్యూటీ దిగి వచ్చిన సోమలింగం సంచిని చూశాడు. మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. దాని కింద గడ్డలు.

"ఏంది తమ్మీ ఇది?"

"గడ్డల క్యాన్సరట గద అన్నా."

"అవ్. లింఫోమా అంటరట."

"వైరస్‌తోని వచ్చిందట."

"డాక్టర్ గట్లనే అన్నడు."

"మరి? నువ్వు లేసిన పరుపుల నేను పండాలె. నిరుడు తల్లి పోసి ఒళ్లంత పొక్కులైతె ఈ గదిల ఒక్కడు నిలవలె. కండ్లు సుత తెరువరాకపాయె. కింద మెస్సు ఐలమ్మ యాపాకు పరిచి, నోట్ల గంజి పోసి బతికిచ్చింది. మల్లొక్కపారి నాతోని కాదు."

సోమలింగం మెడ మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"జర పైలం తమ్మీ," అని సంచి ఎత్తుకుని మెట్లు దిగాడు.

కార్ఖానాలో తుక్కు దారం మూటల మీద పడుకుంటున్నాడని తెలిసింది. తర్వాత ఆస్పత్రిలో చేరాడని తెలిసింది.

ఓ పొద్దున గడ్డం గీసుకుంటుంటే పరమేశ్ వేలికి మెడ కింద చిన్న గడ్డ తగిలింది. అదే ఆస్పత్రికి పరుగెత్తాడు.

డాక్టర్ నొక్కి చూసి, జలుబు వల్ల వచ్చిన వాపే అన్నాడు. సోమలింగం జబ్బు సంగతీ పరుపు సంగతీ పరమేశ్ చెప్పాడు.

"ఆ వైరస్ చిన్నప్పుడే దాదాపు అందరి ఒంట్లో చేరుతుంది. నీ ఒంట్లోనూ ఉండే ఉంటుంది," అన్నాడు డాక్టర్ హిందీలో. "ఊరికే పడి ఉంటుంది. ఏ ఒక్కరికో అలా తిరగబడుతుంది. క్యాన్సర్ పరుపులో అంటుకునేది కాదు."

పరమేశ్ అటునుంచి అటే వార్డుకు వెళ్లాడు, గదికి రమ్మందామని.

సోమలింగం మంచం మీద అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. తెల్లవారుజామున పోయాడన్నారు.

తిరిగొచ్చి మెస్సులో ఐలమ్మ ముందు కూలబడ్డాడు.

"నీ అసొంటి మనసు నాకు లేకపాయె అవ్వా. తల్లి పోసినప్పుడు నన్ను నువ్వు ఇడువకపోతివి."

ఐలమ్మ చేతిలో గరిటె ఆగింది.

"నేనెక్కడ బిడ్డా? మనుమలకు అంటుతదని మీదికే రాలె. గంజి కాసి మెట్ల కాడ పెట్టేదాన్ని, సోమలింగం తీస్కవోయి నీ నోట్ల పోసెటోడు. ఇద్దరికి ఒక్కటే పరుపాయె, నువ్వు లేసేదాంక ఆయిన నీ పక్క పొంటి గోడకు ఒరిగి కూసునే పండిండు."