చీమ కుట్టినంత నొప్పి

నర్సింగ్ డిగ్రీ పాసైన షారోన్‌కి రేపే ఇంటర్వ్యూ. దరఖాస్తు పెట్టగానే ఆసుపత్రివాళ్లు పంపిన పట్టీ పది రోజులుగా ఆమె మణికట్టును వదల్లేదు. రోగి దగ్గర అబద్ధం వినబడితే చాలు, ఎవరిదని అడగదు, ఎర్రగా వెలిగి మార్కు కోస్తుంది. అప్పుడే నాలుగు పోయాయి. ఐదోది పోతే ఇంటర్వ్యూకి గుమ్మం కూడా తొక్కనివ్వరు.

ఆ నాలుగూ అమ్మ నేర్పిన మాటకే పోయాయి. రూతమ్మ ముప్పయ్యేళ్లు పెద్దాసుపత్రిలో నర్సు. "చీమ కుట్టినట్టుంటుందంతే" అనకుండా ఒక్కరికీ సూది వెయ్యలేదు. ఇప్పుడు ఆమె తొడకే రోజూ మండే సూది.

షారోన్ సిరంజిలో గాలి తీసి, బట్టీపట్టిన మాటలు అప్పజెప్పింది. "ఈ మందు బాగా మండుతుంది. నొప్పి పదికి ఎనిమిది."

"నాకు తెలీదేంటే? ఒక్కసారి చీమ అనవే, నా తల్లివి కదూ!"

షారోన్ పట్టీ వంక చూసింది. పెదవి బిగబట్టి సూది దించింది.

రూతమ్మ పిడికిట్లో దుప్పటి నలిగిపోయింది. అంతలో కూతురి కళ్లలో నీళ్లు చూసి, అదే చేత్తో ఆ చెంప తుడిచింది.

"ఏడవకే పిచ్చిదానా, ఏం లేదు. చీమ కుట్టినట్టుంది."

పట్టీ ఎర్రగా వెలిగింది.