మాలలో ఉన్నవాడి మాత్ర

పొద్దున్నే మా వీధిలో ప్రతి ఇంటి గోడకున్న మాత్రల పెట్టె తన మనిషిని పేరు పెట్టి పిలుస్తుంది.

"కొండలూ, మాత్ర నాలుక కింద పెట్టుకో. కరిగేదాకా కబుర్లు చెబుతాను" అంది మా పెట్టె.

నా కొడుకు కదలలేదు. ఓడరేవులో నడుము విరిగాక నొప్పి సూదులకు బానిసైనవాడు, ఈ మాత్రతోనే మళ్ళీ మనిషయ్యాడు. నిన్న అయ్యప్ప మాల వేసుకుని అదీ మానేశాడు. ఇప్పుడు నల్ల పంచె చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. మాత్ర లేక కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

"దీక్షలో మత్తు ముట్టకూడదమ్మా. నాన్న మాలేసుకునే కదా సారా మానీసేడు?"

"మాల తీసిన రోజే తాగి సచ్చిపోయేడు. నువ్వు మళ్ళీ సూదికెల్తే ఇంక తిరిగి రావు."

"ఇది మత్తుకి కాదు కొండలూ, నిన్ను నిలబెట్టడానికి" అంది పెట్టె. వాడు మొహం తిప్పుకున్నాడు.

మాలలో ఉన్నవాడి కాళ్ళకు ఎవరైనా మొక్కుతారు, కన్నతల్లి అయినా సరే. నేను వంగి వాడి పాదాలు పట్టుకున్నాను.

"స్వామీ, నా కొడుకుని నాకియ్యి."

వాడు చాలాసేపు ఏడ్చాడు. తర్వాత నోరు తెరిచి నాలుక ఎత్తాడు. మాత్ర పెట్టి మళ్ళీ కాళ్ళ దగ్గరే కూర్చున్నాను. పెట్టె ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. మాత్ర కరిగేదాకా నేను ఆ పాదాలు వదల్లేదు.