భుజాల బాడుగ

“ఏ ప్యాకేజీ కావాల?”

తలుపు తోసుకుని వచ్చినవాళ్లు కూర్చోకముందే నాగార్జున అడిగాడు. తర్వాత కంప్యూటర్ మీది నుంచి తల ఎత్తి, గుర్తుపట్టి నవ్వాడు.

“రంగస్వామి మామా! లేవి మామా! కుమ్మరి గేరి నుంచి ఈడికొచ్చినారే!”

కర్నూలు బస్టాండు వెనక ఆ ఆఫీసు తెరిచి రెండేళ్లయింది. మనిషి పోతే ఫ్రీజర్ బాక్సు నుంచి శ్మశానం దాకా అన్నీ వాళ్లే చూస్తారు. ఏసీ ఉంది. గోడకు ధరల బోర్డు ఉంది. మొదటి వరుసలో పద్దెనిమిది వేలు అని ఉంది.

“పొద్దున్నుంచి ఫోన్ చేస్తాండాం. ఎత్తకపోతివి,” అన్నాడు రంగస్వామి. ఆయన దర్జీ.

“నా నంబరుకు చేస్తే ఎట్ల మామా? బుకింగ్ నంబరు వేరే ఉండాది.”

రంగస్వామి పోయిన మనిషి పేరు చెప్పబోయాడు. నాగార్జున చేయి అడ్డం పెట్టాడు.

“పేరు ఆఖర్న, రసీదు రాసేటప్పుడు. వయసెంత?”

“డెబ్బై నాలుగు. సాయంత్రం లోపల ఎత్తాల.”

“మనిషి లావా? బాక్సు సైజు చూడాల.”

“బక్కోడు,” అన్నాడు లేవి. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు.

నాగార్జున కార్డు ముందుకు జరిపాడు. “పూల రథం. మోసేదానికి నలుగురు, యూనిఫారంతో. లైవ్ లింకు ఫ్రీ.”

“మోసేటోళ్లు గూడా మీవాళ్లేనా?” అన్నాడు లేవి. “భుజాలకు బాడుగనా అప్పా? టికెట్ కొట్టిస్తావా?”

“ఇప్పుడెవరు మోస్తాండారు మామా? అందరికీ నడుంనొప్పే.”

“లింకు ఎవరు చూడాల?”

“వేరే ఊర్లల్లో ఉండే పిల్లలు.”

“ఒకడే కొడుకు. ఈ ఊర్లోనే ఉండాడు.”

“మరింకేం? ఆయన్ను పిల్చుకొని రండి, నేను మాట్లాడతా. కన్నతండ్రికి ఈ మాత్రం పెట్టలేడా?”

లేవి రంగస్వామి వైపు చూశాడు. రంగస్వామి కార్డు వైపు చూశాడు.

కుమ్మరి గేరిలో, ఆ వీధి మొత్తానికి, నలభై ఏళ్లు పాడె కట్టింది పెద్ద ఈరన్న. వెదుర్లు ఆయనే కోసేవాడు. తాళ్లు ఆయనే పేనేవాడు. కులం అడిగేవాడు కాదు. లేవి తల్లి పోతే పెట్టెకు మేకులు కొట్టింది కూడా ఆయనే. తీసుకునేది ఒక టవలు, ఒక టీ.

“ఇవన్నీ ముందర యాడుండె?” అన్నాడు రంగస్వామి. “నువ్వు గూడా ఆయప్ప పక్కన నిలబడి తాళ్లు పట్టుకున్నోనివే కదా.”

“అదే తప్పు మామా. ఆయప్ప ఊరికే చేసి చేసి మీకందరికీ అలవాటు చేసినాడు. రెండేండ్లలో మీ గేరి నుంచి నాకు ఒక్క బుకింగ్ రాల్యా. ఇదే మొదటిది.”

“ఊర్లో వెదుర్లన్నీ నీ రథాలకని నువ్వే కొనేస్తాండావంట. పోయిన వారం నాలుగు వెదుర్ల కోసం ఆయప్ప కోడుమూరు దాకా పోయినాడు. ఎండలో.”

“నేను పొమ్మన్నానా?”

లేవి జేబులోంచి నోట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

“సరే, మీ మొహం చూసి వెయ్యి తగ్గిస్తా,” అన్నాడు నాగార్జున. “అంతకుమించి నాతో కాదు.”

“వీధంతా తిరిగి ఆరు వేలు పోగు చేసినాం,” అన్నాడు లేవి.

“ఆరు వేలకు రథం డీజిలు, డ్రైవరు గూడా రాదు మామా. ఊరికే కావాలంటే ఆయప్పతోనే కట్టించుకోపోండి.”

లేవి కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. రంగస్వామి ఆయన చేయి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాడు.

“రసీదు రాయప్పా,” అన్నాడు. “పద్దెనిమిది వేలదే రాయి. తగ్గించొద్దు.”

నాగార్జున పుస్తకం తెరిచాడు. పెన్ను మూత తీశాడు. తేదీ వేశాడు.

“ఇప్పుడు చెప్పండి. పోయినాయన పేరు, దుడ్లు కట్టే కొడుకు పేరు.”

“పోయింది పెద్ద ఈరన్న,” అన్నాడు రంగస్వామి, “కొడుకు పేరు నాగార్జున.”